తీరం ఖాళీగా లేదు

ఉత్తరాంధ్ర తీరానికి మంచి రోజులు వస్తున్నాయన్న మాట ఈమధ్య తరచు వినబడుతోంది. భోగాపురం దగ్గర అంతర్జాతీయ విమానాశ్రయం, విశాఖ నుంచి భీమిలి మీదుగా అక్కడిదాకా సముద్రం పక్కన రోడ్డు, ఇంకా ఉత్తరానికి పోతే శ్రీకాకుళం జిల్లాలో మూలపేట ఓడరేవు. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఇంత తీరం పెట్టుకుని మనం గోవా ఎందుకు కాలేకపోయామని ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. జనాన్ని ఎలా రప్పించాలన్న ప్రశ్న వెంటనే వస్తుంది. నా లెక్కలో అది రెండో ప్రశ్న. వచ్చినవాళ్ళు ఎక్కడ కాలు పెడుతున్నారు, ఆ చోట అప్పటికే ఏ పని జరుగుతోంది అన్నది మొదటిది. పర్యాటకం వద్దనేవాళ్ళు మా తీరంలో పెద్దగా లేరు, నేనూ వద్దనను. నేననేది ఒక్కటే: మత్స్యకారుడు పని చేసుకునే చోటును ముందు ఖాయం చేసి, ఆ పనికి తోడుగా పెట్టిన పర్యాటకమే ఇక్కడ నిలబడుతుంది. ఖాళీ జాగా కదా అనుకుని పెట్టింది నాలుగేళ్ళు వెలిగి ఆరిపోతుంది, ఆరిపోతూ ఉన్న బతుకును కూడా చెడగొడుతుంది.

ఫోటోల్లో తీరం ఖాళీగానే ఉంటుంది. పొడుగాటి ఇసుక, ఓ మూల బొమ్మకి అందంగా నాలుగు పడవలు. నిజానికి ఆ ఇసుక మీద గంటకో పని నడుస్తుంది. జెట్టీ లేని పల్లెలో ఒడ్డే రేవు. తెల్లవారుజామున వేటకు పోయిన బోటు తిరిగొచ్చి ఒడ్డెక్కాలంటే ఎక్కడపడితే అక్కడ ఎక్కలేదు, అల తీరు చూసి ఎంచుకున్న చోటే కావాలి. అలివి వల లాగడం చూసినవాళ్ళకి తెలుస్తుంది: రెండు కొసల దగ్గర రెండు జట్లు దూరదూరంగా నిలబడి, లాగుతూ లాగుతూ ఒకరికొకరు దగ్గరవుతారు. వాళ్ళ మధ్య నీళ్ళలోగాని ఇసుకమీదగాని అడ్డం ఉండకూడదు. నెత్తళ్ళు, కవళ్ళు ఎండబెట్టడానికి ఆడవాళ్ళకి కెరటం అందని మెట్ట ఇసుక కావాలి. వలలు బాగుచేసుకోడానికి నీడ కావాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట వచ్చి గుడ్లు పెట్టేదీ ఈ ఇసుకలోనే. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొచ్చి వెలుగున్న వైపు పాకుతాయి. ఆ వెలుగు సముద్రం మీది ఆకాశానిది కాకుండా రిసార్టు దీపాలదైతే దారి తప్పి చచ్చిపోతాయి. ఇంత జరిగే చోటుకి రెవెన్యూ రికార్డులో చాలాచోట్ల ఉన్న హోదా ప్రభుత్వ పోరంబోకు. తరాలుగా వాడుకుంటున్నవాడి చేతిలో పట్టా లేదు. అందుకే ఆ జాగాని ఎవరికైనా కేటాయించడం సులువు. కేటాయించాక, అక్కడే పడవ పెట్టుకున్నవాడు ఆక్రమణదారు అవుతాడు.

చట్టం లేక కాదు. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు మొదట 1991లో వచ్చాయి, 2011లో మారాయి, 2019 జనవరిలో మళ్ళీ మారాయి. 2011 నాటి నోటిఫికేషన్ తీరపు పటాల్లో మత్స్యకార గ్రామాల్నీ, వాళ్ళ ఉమ్మడి స్థలాల్నీ, చేపలు ఆరబెట్టే చోట్లనీ గుర్తించాలంది. 2019లో వచ్చిన నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువ ఉన్న గ్రామీణ తీరంలో కట్టడాలు నిషేధించిన మేరను 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. పోటు గీతకు 10 మీటర్ల అవతల తాత్కాలిక పర్యాటక వసతులు పెట్టుకోవచ్చంది. ఈ రెండింటిలో సడలింపు సంగతి భూములు కొనేవాళ్ళందరికీ కంఠోపాఠం. గుర్తింపు సంగతి మాత్రం పల్లెల దాకా రాలేదు. విశాఖలో రుషికొండ వ్యవహారమే చూడండి. కొండ మీద పర్యాటక శాఖ రిసార్టు ఉండేది, దాన్ని కూల్చారు, కొండను తొలిచి పెద్ద భవనాలు కట్టారు. ఎంత ఖర్చయింది, ఎవరికోసం కట్టారని రాష్ట్రమంతా ఏళ్ళ తరబడి వాదించుకుంది. వాదించుకోవలసిందే. కానీ ఆ వాదనంతటిలో చుట్టుపక్కల పల్లెల్లో పడవలు లాక్కునేవాళ్ళ ఊసు ఎన్నిసార్లు వచ్చింది?

ఇక డబ్బు సంగతి. పర్యాటకం వస్తే ఊరు బాగుపడుతుందంటారు. వచ్చినవాళ్ళ తలలు లెక్కపెట్టి అంత అభివృద్ధి జరిగిందంటారు. మా తీరానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళు. ఆదివారం కార్లు, కార్తీకంలో వనభోజనాల బస్సులు, మాఘ పౌర్ణమికి సముద్రస్నానానికి ఆటోలు, ట్రాక్టర్లు. అన్నం డబ్బాలో తెచ్చుకుంటారు, నీళ్ళ సీసాలు టౌన్లో కొంటారు, పెట్రోలు హైవే మీద పోయించుకుంటారు. ఊళ్ళో వదిలి వెళ్ళేది విస్తరాకులు, ప్లాస్టిక్కు, ఒక్కోసారి పార్కింగు దగ్గర తగువు. వాళ్ళని తప్పుపట్టి లాభం లేదు. ఆడవాళ్ళు బట్టలు మార్చుకోడానికి గది లేని చోట, శుభ్రమైన మరుగుదొడ్డి లేని చోట ఎవరైనా ఒక పూట కంటే ఎక్కువ ఎందుకుంటారు? ఇంకో విడ్డూరం ఉంది. ఒడ్డున దిగిన వంజరం, చందువ, పెద్ద రొయ్య పడవకి పెట్టుబడి పెట్టిన షావుకారు లెక్కలోకి పోయి, ఐసు పెట్టెల్లో ఊరు దాటిపోతాయి. బీచిలో ఆకలేసినవాడికి చాలాచోట్ల దొరికేది గోబీ మంచూరియా. సముద్రం ఎదురుగా నిలబడి క్యాబేజీ తినిపించే పర్యాటకం మనదే కాబోలు! లక్షమంది వచ్చారన్న లెక్క నాకు అక్కరలేదు. వాళ్ళు పెట్టిన ఖర్చులో పల్లె పొలిమేర దాటకుండా ఆగింది ఎంత? ఆ లెక్క ఎవరూ వేయరు.

ఆ ఖర్చు పల్లెలో ఆగే వీలు లేకపోలేదు. క్యాలెండరు చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర, ఇంజను పడవలతో సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం. ప్రభుత్వం భృతి ఇస్తుంది, కానీ చేతులు ఖాళీగానే ఉంటాయి. అవే 61 రోజులు దాదాపుగా పిల్లల వేసవి సెలవులు. అంటే సముద్రం చూడ్డానికి జనం ఎక్కువగా వచ్చే రోజులూ, సముద్రం మీద బతికేవాడికి పని లేని రోజులూ ఒకటే. ఇంతకంటే బాగా అమరిన జోడింపు ఏ నిపుణుడూ తయారుచేయలేడు. కుటుంబానికో గది అద్దెకిచ్చుకోవడం, అలల దగ్గర కాపలా, చేపల వంట, ఏటి మొగలో పడవ మీద తిప్పడం, ఇవన్నీ ఆ రెండు నెలల్లో పల్లెవాళ్ళు చేయగల పనులే. వేట మొదలయ్యాక వేటకి పోతారు. ఇక్కడ పర్యాటకం వృత్తిని తోసేయదు, వృత్తి ఆగిన చోట అందుకుంటుంది. పడవ తిప్పడం మాత్రం మాటలతో అయ్యేది కాదు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల మంది పోయారు. చేపల పడవలో జనాన్ని ఎక్కించడం వేరు, వల ఎక్కించడం వేరు. లైసెన్సు, లైఫ్ జాకెట్లు, శిక్షణ, బీమా లేకుండా ఒక్క పడవ కూడా కదలకూడదు. అయితే ఆ లైసెన్సుకి అడిగే కాగితాలు, డిపాజిట్టు పెద్ద కంపెనీలు మాత్రమే తేగలిగేలా ఉంటే పల్లెవాళ్ళు ఆ పనికి దూరమే.

దీనికి మొదటి అభ్యంతరం గట్టిదే: చేపల వేట ఎలాగూ అయిపోతోంది, కుర్రాళ్ళు ఊళ్ళో ఉండటం లేదు, లేని వృత్తికి స్థలం ఖాయం చేయడమేమిటి? ఇందులో నిజముంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి ఏటా కుర్రాళ్ళు గుజరాత్‌లోని వేరావల్ పోయి అక్కడి యజమానుల బోట్ల మీద నెలల తరబడి కూలికి పనిచేస్తారు. అలా వెళ్ళి 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కి, ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరి మొదట్లో వాఘా మీదుగా తిరిగొచ్చినవాళ్ళలో డి. మత్స్యలేశం ఊరివాళ్ళు ఉన్నారు. 2025లో ఆ సంఘటన ఆధారంగా తండేల్ సినిమా వచ్చాక రాష్ట్రమంతటికీ ఆ ఊరి పేరు తెలిసింది. కానీ ఈ వలసకి కారణం వృత్తి మీద విసుగు కాదు. వేరావల్లో వాళ్ళు చేసేదీ వేటే కదా! సొంత ఒడ్డున రేవు లేదు, చేప నిలవ ఉంచే వసతి లేదు, ఒక రోజు వేట ఖర్చుకి గిట్టే ధర లేదు. అవి ఉన్నచోటికి పోయారు. అలాంటి కుర్రాడికి ఊళ్ళోనే ఏడాదిలో కొన్ని నెలలు ఇంకో సంపాదన దొరికితే గుజరాత్ వెళ్ళాలా వద్దా అన్నది అతని ఇష్టం అవుతుంది, గత్యంతరం లేక వెళ్ళడం ఉండదు. మొత్తం తీరాన్ని రిసార్టుకిచ్చి అతనికి అందులో వాచ్‌మన్ ఉద్యోగం ఇస్తే, సముద్రం తెలిసినవాడిని గేటు దగ్గర నిలబెట్టినట్టే.

పెట్టుబడి లేనిదే పర్యాటకం రాదు, పెట్టుబడిదారుడు పెద్ద జాగా లేనిదే రాడు అన్నది రెండో అభ్యంతరం. ఇది వినగానే అందరూ గోవా అంటారు. సరే, గోవానే తీసుకుందాం. అక్కడి బీచి పేరు చెబితే గుర్తొచ్చే, షాకులనే ఆకుల కొట్టాలు పెద్ద పెట్టుబడితో కట్టినవి కావు. సీజను మొదట్లో లైసెన్సు మీద వేస్తారు, వానలకి ముందు పీకేస్తారు, లైసెన్సు స్థానికులకే అన్న నియమం ఉంది. గోవాలో నచ్చిన భాగం అది. నచ్చనిది కూడా ఉంది: పెద్ద హోటళ్ళ మీద, బీచిల మీద, నీళ్ళ మీద 1980ల నుంచే గోవా జనం రోడ్డెక్కారు. మనవాళ్ళు మొదటిది వదిలేసి రెండోది దిగుమతి చేసుకుంటామంటే ఎలా? కేరళలో 2008 ప్రాంతంలో కుమరకంలో బాధ్యతాయుత పర్యాటకం మొదలుపెట్టినప్పుడు, హోటళ్ళు వాడే కూరగాయలు, గుడ్లు, చేపలు కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్ళ దగ్గర కొనాలన్నారు. మొదట హోటళ్ళు నసిగాయి. క్రమంగా కుదిరింది. హోటలూ ఉంది, దాని కొనుగోళ్ళ డబ్బు ఊళ్ళోనూ ఆగుతోంది. మనకి డ్వాక్రా సంఘాలు లేవా? ప్రతి పల్లెలోనూ ఉన్నాయి.

పెద్ద కట్టడాల మీద నాకున్న అనుమానానికి ఇంకో కారణం సముద్రమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదికి వచ్చినప్పుడు నగరంలో అద్దాలు మిగల్లేదు, చెట్లు మిగల్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. తుపాను లేని రోజుల్లో కూడా ఇసుక కదులుతూనే ఉంటుంది. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది, మధ్యలో గోడ కడితే అటుపక్క పేరుకుని ఇటుపక్క కోసుకుపోతుంది. విశాఖ బయటి రేవు 1970లలో కట్టిన దగ్గర్నుంచి ఆర్కే బీచికి ఆ బాధ తప్పలేదు. రేవులో తవ్విన ఇసుక తెచ్చి బీచిలో పోస్తూనే ఉన్నారు. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇళ్ళే పోయాయి, రోడ్డు ప్రతి తుపానుకీ తెగుతుంది. ఇలాంటి ఒడ్డున వందేళ్ళు నిలిచే కాంక్రీటు కట్టి, దాన్ని కాపాడటానికి గోడ కట్టి, ఆ గోడ పక్క ఊరిని కోసేస్తే ఎవరిని అడగాలి? విప్పి పక్కన పెట్టగలిగినవి ఒడ్డున, గట్టివి లోపల సరుగుడు తోటల అవతల అన్నది పాతకాలపు జాగ్రత్త. మత్స్యకారుడు తన గుడిసెను అలాగే వేసుకునేవాడు.

మూడో అభ్యంతరం మా మీదే. ఒడ్డు పాడుచేసేది పల్లెవాళ్ళే కదా, బహిర్భూమికి అక్కడికే పోతారు, చేపల కుళ్ళు అక్కడే, చిరిగిన వలలు అక్కడే, టూరిస్టు ముక్కు మూసుకుని పారిపోతున్నాడు అంటారు. అబద్ధమనను. పల్లెను దేవలోకంగా చూపించే రచనలు నాకు రుచించవు. కానీ ఈ మురికికి కారణం మనుషుల తీరు కాదు, లేని వసతులు. నీటి కుళాయి లేని మరుగుదొడ్డి సామాన్ల గదిగా మారుతుంది. ఇసుకలో ఎండబెడితే చేపకి ఇసుక అంటుతుంది, ఈగ వాలుతుంది, వాసన వస్తుంది, ధర పడిపోతుంది. అదే ఎత్తుగా కట్టిన అరల మీద వల పరిచి ఎండబెడితే సరుకు శుభ్రం, వాసన తక్కువ, చూడవచ్చినవాడు కూడా కొంటాడు. పర్యాటక నిధుల్లో మొదటి రూపాయి దీనికి పెట్టాలంటాను. నీళ్ళు, మరుగుదొడ్డి, ఎండబెట్టే అరలు, దీపాలు లేని ఒక ముక్క తాబేళ్ళకి. పల్లెవాళ్ళు రోజూ వాడే వసతి రోజూ బాగుంటుంది. టూరిస్టుకోసం మాత్రమే కట్టింది ప్రారంభోత్సవం నాడు బాగుంటుంది. రుషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు గర్వపడ్డాం. నీటి నాణ్యత, భద్రత, నిర్వహణ అన్నీ కలిపి 33 ప్రమాణాలు దానికి. 2025లో నిర్వహణ లోపాలవల్ల కొన్నాళ్ళు ఆ జెండా దించవలసి వచ్చింది, సరిచేశాక తిరిగి వచ్చింది. బీచి తుడిచేవాడి జీతం ఏటా ఇవ్వాలి, రిబ్బను ఒక్కసారే కత్తిరిస్తారు. మన బడ్జెట్లకి రిబ్బనంటేనే ఇష్టం.

పల్లె చేతికి ఇస్తే నడుస్తుందా అన్నవాళ్ళకి మన దగ్గరే జవాబులున్నాయి. కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో చెక్క వంతెన దారి, బోటు షికారు అటవీశాఖ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో కలిసి నడిపిస్తోంది. అడవి మిగిలింది, జనం వస్తున్నారు. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో శీతాకాలం వచ్చే గూడకొంగల్నీ ఎర్రకాళ్ళ కొంగల్నీ ఊరివాళ్ళే మొదటినుంచీ కాపాడుకుంటున్నారు, పక్షులు వస్తే ఊరికి మంచిదని నమ్ముతారు. ఒడిశాలో చిలికా ఒడ్డున మంగళజోడిలో ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్ళే ఇప్పుడు పడవలో కూర్చోబెట్టి వాటిని చూపిస్తున్నారు. అన్ని చోట్లా ఎక్కువమందిని రప్పించాలని కూడా లేదు. భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వేల ఏళ్ళలో గాలీ నీరూ సముద్రమూ కలిసి చేసిన అలాంటి నేల తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప ఈ చుట్టుపక్కల లేదు, 2014లో భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. అక్కడ ఒక్కో అడుగూ మట్టిని రాలుస్తుంది. అలాంటి చోట టిక్కెట్లకి పరిమితి పెట్టి, మిగతావాళ్ళని తొట్లకొండ బౌద్ధారామానికో భీమిలి డచ్చివారి సమాధులకో పంపాలి. జనం తక్కువ వస్తేనే మేలు అని పర్యాటక శాఖ చేత పలికించడం కష్టమే, అయినా పలికించాలి.

స్థానికుల జ్ఞానం విలువ డబ్బులో కాక ప్రాణాల్లో తెలిసే చోటు ఇంకొకటుంది. విశాఖలోనూ, బాపట్ల దగ్గర సూర్యలంకలోనూ సెలవు రోజుల్లో మునిగిపోయేవాళ్ళలో చాలామంది సముద్రం కొత్త అయిన కుర్రాళ్ళు. అలలు విరగని చోట నీళ్ళు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తాయి, లోపలికి లాగే ప్రవాహం తరచు అక్కడే ఉంటుంది. ఈత వచ్చినవాడు కూడా ఒడ్డుకి ఎదురీది అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడాలని తెలియదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది, అవి వేటకి పోయేవాడి ఫోనుకి వస్తాయి. ఆ రోజు ఇసుక ఎక్కడ గుంటపడిందో ఒడ్డున వలేసేవాడికి కంటితో చూస్తే తెలుస్తుంది. వీళ్ళకి శిక్షణ ఇచ్చి, సీజన్లో మాత్రమే కాక ఏడాది పొడవునా జీతమిచ్చి కాపలాకి పెట్టడానికి అడ్డమేమిటో నాకు బోధపడదు. ఇప్పుడు కూడా ఎవరైనా మునుగుతుంటే ముందు దూకేది వాళ్ళే, జీతం లేకుండా.

చివరికి ఒక చిక్కు మిగులుతుంది. స్థానికులంటే ఎవరు? పల్లెలో కులపెద్దల మాట చెల్లుతుంది. పెద్దల్లో ఆడవాళ్ళు ఉండరు. చేప ఒడ్డుకొచ్చాక దాన్ని వేలంలో కొని, ఎండబెట్టి, గంపకెత్తి ఊరూరా అమ్మి ఇంటికి డబ్బు తెచ్చేది మాత్రం వాళ్ళు. ఊరి పేరుతో ఇచ్చిన లైసెన్సులు నలుగురు పెద్దమనుషుల ఇళ్ళలో తేలితే, రిసార్టు వాడికిచ్చిన దానికి దీనికి తేడా లేదు. అందుకే ఒడ్డున వేసే చేపల కొట్టాలు ఆడవాళ్ళ సంఘాల పేరున ఉండాలి, ఒక్కొక్కరికి ఒకటే. కొట్టానికి కుళాయి, ఐసు పెట్టె, ధరల బోర్డు. వేలం పాట పెట్టకూడదు, పెడితే షావుకారే పాడతాడు. గోవాలో షాకుల లైసెన్సు స్థానికుడి పేరున తీసుకుని బయటివాడికి అద్దెకిచ్చే పద్ధతి అక్కడి ప్రభుత్వానికి పెద్ద తలనొప్పి అయింది. కలింగపట్నంలో, బారువలో, భీమిలిలో మొదటి కొట్టం వేసేనాడే, పేరున్న మనిషి అక్కడ పొయ్యి వెలిగించకపోతే లైసెన్సు పోతుందని కాగితంలో రాయాలి. అది చూడవలసింది ఆఫీసరు ఒక్కడే కాదు, గ్రామసభ కూడా. సంవత్సరానికి రెండుసార్లు, వేట నిషేధం మొదలయ్యే ముందొకసారి, అయ్యాక ఒకసారి.